రెండు ఇటుకలు, ఆరు శబ్దాలు: భవిత మేడం మా పిన్నితో కబుర్లు

హోస్ట్: రికార్డింగ్ మొదలైంది పిన్నీ. మామూలుగానే మాట్లాడు.

పిన్ని: ఆగరా, కుక్కర్ కట్టేసి వస్తా. (వెనక విజిల్) ఆ, ఇప్పుడు చెప్పు.

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈసారి గెస్ట్ కోసం ఎక్కడికీ వెళ్లలేదు, వంటింటి దాకా వెళ్లానంతే. మా పిన్ని పదిహేనేళ్లుగా మండలంలో భవిత కేంద్రంలో టీచరు. ఊళ్లో అందరికీ "భవిత మేడం", ఆఫీసు కాగితాల్లో మాత్రం ఐఈఆర్‌పీ. పిన్నీ, ఆ పొడి అక్షరాలు విప్పి చెప్పు ముందు.

పిన్ని: ఇంక్లూజివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్. పేరు చాంతాడంత, ఉద్యోగం కాంట్రాక్టు. (నవ్వు) చూపు తక్కువ, వినికిడి తక్కువ, కాళ్లూ చేతులూ సరిగ్గా ఆడనివాళ్లు, బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్నవాళ్లు, ఆటిజం పిల్లలు, వీళ్లు మామూలు బడిలో చదువుకోవడానికి సాయం చెయ్యడం నా పని. భవిత అంటే బడి ఆవరణలోనే ఒక గది. కొందరు రోజూ అక్కడికొస్తారు. వారంలో ఒకరోజు ఫిజియోథెరపీ ఆయన వస్తాడు. మిగతా రోజుల్లో నేను మండలంలో బళ్లు తిరుగుతాను. అసలు కదల్లేని పిల్లలుంటే శనివారం వాళ్లింటికే వెళ్తాను.

హోస్ట్: అంటే ఇది స్పెషల్ స్కూల్ కాదన్నమాట.

పిన్ని: కాదు. అందరూ పొరబడేది అక్కడే. మామూలు బడిలోనే చదవాలి, దానికి కావలసిన ఏర్పాటు బడే చెయ్యాలి, అదీ లెక్క. 2016 చట్టం ఉందిగా, దివ్యాంగుల హక్కులది. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. దగ్గర్లోని బడిలో చేరతారో, స్పెషల్ స్కూల్లో చేరతారో వాళ్లిష్టం. "మా దగ్గర కుదరదమ్మా, ఇంకెక్కడైనా చూసుకోండి" అనడానికి లేదు.

హోస్ట్: కానీ అంటారు.

పిన్ని: అనకేం, బ్రహ్మాండంగా అంటారు. పేరు చెప్పను కానీ, ఒక ప్రైవేటు బళ్లో ఒకమ్మాయికి సీటు ఖాయం చేశారు, ఫీజు కట్టించుకున్నారు. తర్వాత ఆ పిల్ల నడక చూసి, "మాకు మెట్లున్నాయండీ, రిస్కు" అన్నారు. ఒకటో తరగతిని మేడ మీద పెట్టిందెవరు? వాళ్లే! పిల్లని కిందికి దింపమని కాదు, తరగతిని దింపమని అడిగాను.

హోస్ట్: దింపారా?

పిన్ని: మూడు వారాలు తిరిగితే దింపారు. అంతకుముందు ఆ కింద గదిలో యూనిఫారాలు అమ్మేవాళ్లు. (నవ్వు)

హోస్ట్: ప్రైవేటు బళ్లలో విద్యాహక్కు చట్టం కింద పేద, బలహీన వర్గాల పిల్లలకి 25 శాతం సీట్లున్నాయి కదా...

పిన్ని: ఉన్నాయి. మన ఆంధ్రలో ఆ 25లో 5 శాతం అనాథలకి, హెచ్‌ఐవీ బాధిత పిల్లలకి, దివ్యాంగులకి కలిపి. ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ, అప్లికేషన్ పెట్టేవాళ్లు ఇంకా తక్కువ. సరే, దాన్ని పక్కన పెట్టు. నాకు అసలు బాధ కలిగించేది వేరే ఉంది.

హోస్ట్: ఏంటది?

పిన్ని: బడి చేర్చుకోనంటే పోట్లాడొచ్చు. చేర్చుకుని వదిలేస్తే ఎవరితో పోట్లాడతావు? రిజిస్టర్‌లో పేరుంటుంది, హాజరు పడుతుంది, అన్నం పెడతారు, గుడ్డు పెడతారు. పిల్లాడు మాత్రం వెనక గోడకి ఆనుకుని కూర్చుంటాడు. టీచర్‌ని అడిగితే "పాపం, ఏమీ అననండీ వాణ్ణి" అంటుంది. అనకపోవడమే గొప్ప అనుకుంటారు. అనమ్మా! మిగతా వాళ్లని అన్నట్టే "హోంవర్కేదిరా" అని వాణ్ణి కూడా అడుగు.

ఇందులో నా తప్పూ ఉందిరా. చేరిన కొత్తలో నా గదిని బొమ్మలకొలువులా పెట్టుకున్నాను. పూసలు, రంగులు, అద్దం, బంతులు. బడిలో ఉన్న ఇలాంటి పిల్లలందర్నీ పొద్దున్నే తీసుకొచ్చి సాయంత్రం దాకా నా దగ్గరే ఉంచుకునేదాన్ని. వాళ్లకీ సరదా, క్లాసు టీచర్లకీ సుఖం. "మేడం ఎంత బాగా చూసుకుంటారో" అనేవాళ్లు, నేనూ పొంగిపోయేదాన్ని. ఒకరోజు నాలుగో తరగతి పిల్లాడు, కాస్త నెమ్మది వాడు, గ్రూప్ ఫోటో తీస్తుంటే ఏ వరసలో నిలబడాలో తెలీక మధ్యలో ఆగిపోయాడు. వాళ్ల క్లాసులో పిల్లల పేర్లే వాడికి తెలీవు.

హోస్ట్: అబ్బ.

పిన్ని: అప్పట్నుంచి మార్చేశాను. నా గదికి గంట, గంటన్నర, అంతే. మిగతా సమయం నేనే ఆ క్లాసుకి వెళ్లి కూర్చుంటాను.

హోస్ట్: క్లాసులో కూర్చుని నువ్వేం చేస్తావు? వినేవాళ్లకి కళ్లకి కట్టేలా ఒకటి చెప్పు.

పిన్ని: ఒక పాప ఉంది, సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులో లోపం వల్ల కాళ్లూ చేతులూ మాట వినవు. మూడో తరగతి. అక్షరాలు తెలుసు, రాయలేదు. పెన్సిల్ పట్టుకుంటే చెయ్యి ఎటో పోతుంది. టీచర్ చేతికే ప్రాక్టీసు చేయించింది. గీతలు, సున్నాలు, నాలుగు నెలలు. నేను వెళ్లి చూస్తే బెంచీ ఎత్తు. పాప కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. కాళ్లు నేలకి ఆనకపోతే నడుం నిలబడదు, నడుం నిలబడకపోతే చెయ్యి నిలబడదు. పడిపోకుండా కూర్చోడానికే దాని బలమంతా సరిపోతోంది, ఇక రాయడానికేం మిగుల్తుంది? బయట కట్టుబడి పని జరుగుతోంది. రెండు ఇటుకలు తెచ్చి, గోనెసంచి చుట్టి కాళ్ల కింద పెట్టాం. పెన్సిల్‌కి సైకిల్ ట్యూబు ముక్క తొడిగాం, లావుగా పట్టు దొరకడానికి. పలక జారకుండా కింద తడిగుడ్డ.

హోస్ట్: రాసిందా?

పిన్ని: అదే రోజు రాయడానికి ఇది సినిమా కాదు నాన్నా. కానీ అదే రోజు కుదురుగా కూర్చుంది. దసరా సెలవుల తర్వాత పేరు రాసింది, ఒక్కో అక్షరం అరచేయంత. అంత పెద్ద అక్షరాలకి రెండు గీతల కాపీ ఎందుకు, తెల్ల కాగితం ఇవ్వమన్నాను. ఇప్పుడు లెక్కలు నోటితో చెప్తుంది, పక్క పిల్ల రాస్తుంది.

హోస్ట్: వినికిడి తక్కువున్న పిల్లల సంగతో? మెషిన్ ఇచ్చేస్తే అయిపోతుందనుకుంటాం మేం.

పిన్ని: క్యాంపు పెడతారు, అలింకో అని కేంద్ర ప్రభుత్వ సంస్థ, వాళ్ల మెషిన్లు ఇస్తారు, ఫోటో దిగుతారు. కథ ఆ తర్వాతే మొదలవుతుంది. చెవిలో పెట్టే అచ్చు ఉంటుందే, పిల్లాడు ఎదిగే కొద్దీ అది వదులవుతుంది. వదులైతే కుయ్‌మని కూత. క్లాసంతా నవ్వుతారు. వీడు తీసి జేబులో పెట్టుకుంటాడు. బ్యాటరీ అయిపోతే ఇంట్లో చెప్పడు. ఒకసారి డెప్యుటేషన్ మీద వచ్చిన మాస్టారు అది బ్లూటూత్ అనుకుని లాక్కుని బీరువాలో పెట్టాడు!

హోస్ట్: అయ్యో! (నవ్వు)

పిన్ని: నవ్వకు, మూడు రోజులు వాడు ఏమీ వినలేదు. అందుకే క్లాసు టీచర్‌కి ఒక పని అప్పజెప్తాను. పొద్దున అటెండెన్స్ అప్పుడు ఒక్క నిమిషం చాలు. పుస్తకం నోటికి అడ్డం పెట్టుకుని ఆరు శబ్దాలు అనాలి. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. వాడు తిరిగి అనాలి. లావు శబ్దం నుంచి సన్న శబ్దం దాకా మాటలో వచ్చేవన్నీ ఆ ఆరింట్లోకి వస్తాయి. "స్" అనలేదంటే సన్న శబ్దాలు అందట్లేదని అర్థం, బ్యాటరీయో అచ్చో చూడాలి. దీనికి నేను అక్కర్లేదు, డిగ్రీ అక్కర్లేదు. ఇంకోటి, బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పకూడదు. వాడికి నీ పెదాలే సగం పాఠం.

హోస్ట్: నాకు బాగా వినే చెవులున్నా, మా సోషల్ మాస్టారు బోర్డుతోనే మాట్లాడేవారు.

పిన్ని: అదేరా! అందరి వైపూ తిరిగి చెప్తే అందరికీ మంచిదే. చూపు తక్కువ పిల్లకైనా అంతే. బోర్డు మీద రాసేటప్పుడు రాస్తున్నది పైకి చదవమంటాను. ఆ పిల్ల కోసం చదివితే వెనక బెంచీ నలుగురు కూడా సరిగ్గా ఎక్కించుకున్నారు.

హోస్ట్: చూడ్డానికి ఏ తేడా కనపడని పిల్లలుంటారు కదా. చదవడం రాదంతే. డిస్లెక్సియా అంటాం.

పిన్ని: వాళ్లకే ఎక్కువ దెబ్బలు. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే రాశారు, అందులో ఇది లేదు. 2016లో ఇరవయ్యొకటి చేశారు, అప్పుడు చేరింది. మన తెలుగులో ఇది వేరే రూపంలో బయటపడుతుంది. ఇంగ్లిష్‌కి ఇరవయ్యారు అక్షరాలు. మనకి గుడి నెత్తిన, కొమ్ము పక్కన, ఒత్తు కింద. కన్ను మూడు వైపులా తిరగాలి. ప, వ, ష ఒకేలా ఉంటాయి వాడికి. మ, య కూడా. ఒత్తుని వదిలేస్తాడు, "అమ్మ"ని "అమ" అంటాడు, "కుక్క"ని "కుక" అంటాడు. ఐదో తరగతి పిల్లాడొకడు గడగడా చదివేస్తున్నాడని టీచర్ మెచ్చుకుంటోంది. నేను పేజీ తిప్పేశాను. అయినా పాత పేజీ పాఠమే చదువుతున్నాడు! మొత్తం నోటికొచ్చు. ఎంత తెలివుంటే అలా దాచగలడో చూడు. వాణ్ణి మొద్దు అన్నారు అంతకుముందు ఏడాది.

హోస్ట్: వాడికి ఏం చేశారు?

పిన్ని: ముందు టీచర్ చేత చెక్‌లిస్టు నింపించాం. ఇప్పుడు దానికి ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల ప్రశస్త్ యాప్ వచ్చింది. అది అనుమానం చెప్తుందంతే, రోగనిర్ధారణ కాదు. కొందరు టీచర్లు యాప్ చూసి పిల్లాడికి ముద్ర వేసేస్తారు, తప్పు. తర్వాత ఇసుకలో వేలితో రాయించడం, ఒత్తుని ఎర్ర రంగులో రాయడం, కాగితానికి కిటికీలా కన్నం చేసి ఒక్కో వరసే కనపడేలా పెట్టడం. సైన్సు ప్రశ్న చదివి వినిపిస్తే నోటితో జవాబు చెప్పేస్తాడు. మరి వాడికి సైన్సు రానట్టా?

హోస్ట్: పరీక్షల్లో ఎలా మరి?

పిన్ని: రాసేవాళ్లని పెట్టుకోవచ్చు, ఎక్కువ టైమూ ఇస్తారు. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం గంటకి కనీసం ఇరవై నిమిషాలు అదనం. కానీ పదో తరగతి పరీక్ష ముందు జనవరిలో పరిగెత్తుకొస్తారు, "మేడం, సర్టిఫికెట్ కావాలి" అని. ఎనిమిదో తరగతిలో మొదలెట్టాలి బాబూ. పక్కవాళ్లకి చెప్పి రాయించడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. కామా దగ్గర్నుంచి చెప్పాలి.

హోస్ట్: సర్టిఫికెట్ అంటే సదరం, వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చే కాగితం.

పిన్ని: సదరం. ఊళ్లో సదరం అంటే పెన్షనే. శాతం ఎంతొచ్చిందన్న ధ్యాసే గానీ బడికి ఏం కావాలన్న ధ్యాస ఉండదు. తల్లిదండ్రుల్ని ఏమనగలం, ఆ డబ్బులు వాళ్లకి కావాలి. నేను చెప్పేదొకటే: నలభై దాటకుండా ముప్పయ్యెనిమిది శాతమే వచ్చినంత మాత్రాన ఆ పిల్లకి బోర్డు కనపడుతుందా? కాగితం వచ్చేదాకా ముందు బెంచీ ఇవ్వకుండా ఆగక్కర్లేదు.

హోస్ట్: మీరు ఎంతమందికి ఒకరు?

పిన్ని: ఆ లెక్క అడక్కు, కళ్లు తిరుగుతాయి. 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, ప్రైమరీలో పదిమంది పిల్లలకి ఒక స్పెషల్ టీచర్, ఆ పైన పదిహేను మందికి ఒకరు అని. మా మండలంలో బళ్ల సంఖ్య ఎంతో, మేం ఎంతమందిమో నీకు తెలుసు. స్కూటీ పెట్రోలు నా లెక్కే. అందుకే మొత్తుకుంటాను, నేను వారానికి ఒక గంట కనిపించే చుట్టాన్ని, రోజూ ఉండేది క్లాసు టీచరు. పిల్ల ఆవిడది.

హోస్ట్: టీచర్లకి కోపం రాదా? ఇప్పటికే రెండు తరగతులు ఒకరే చూస్తున్నారు.

పిన్ని: వస్తుంది, రావాలి కూడా. ఒకావిడ మొహాన్నే అంది, "మీరు సలహా ఇచ్చి బండెక్కి పోతారు, నలభై మందితో నేను చావాలి" అని. నిజమే కదా. ఆవిడకి ఉపన్యాసం చెప్పకుండా ఆ రోజు ఆవిడ ఎక్కాలు చెప్పించుకుంటుంటే పక్కన నేను నోటుబుక్కులు దిద్దాను. తర్వాతి వారం ఆవిడే అడిగింది, ఆ గంట పిల్లాడి సంగతేం చేద్దామని.

హోస్ట్: గంట పిల్లాడు?

పిన్ని: ఆటిజం వాడు, రెండో తరగతి. ఆ బళ్లో గంటంటే రైలు పట్టా ముక్క. ఠంగుమని కొడితే చెవులు మూసుకుని గేటు దాటి పరిగెత్తేవాడు. అవతల రోడ్డు, లారీలు. బడివాళ్లు భయపడి పంపొద్దన్నారు. మేం చేసిందల్లా, గంట కొట్టే ముందు టీచర్ వాడికి గంట బొమ్మ ఉన్న అట్టముక్క చూపిస్తుంది. గంట అవుతుంది అని ముందే తెలుస్తుంది. ఇనప కడ్డీ బదులు కర్రతో కొట్టమన్నాం. హెడ్మాస్టరు గారు మొదట "అందరికీ వినపడదండీ" అన్నారు. వినపడుతోంది.

హోస్ట్: ఇప్పుడు పరిగెత్తట్లేదా?

పిన్ని: పరిగెత్తుతాడు. చింతచెట్టు దాకా పోయి ఆగుతాడు. వాడి క్లాసు పిల్ల ఒకత్తి వెళ్లి పక్కన నిలబడుతుంది, చెయ్యి పట్టుకోదు, పట్టుకుంటే వాడికి ఇష్టం ఉండదని దానికి ఎవరూ చెప్పలేదు, అదే కనిపెట్టింది. కాసేపటికి ఇద్దరూ వస్తారు. (ఫోన్ మోగిన శబ్దం) ఉండు నాన్నా, వాళ్లమ్మే చేస్తోంది. ఆ, చెప్పమ్మా... సదరం స్లాటు తెరిచారా? ఎప్పుడు? ఆధార్ దగ్గరుందా? సచివాలయానికి ఇప్పుడే వెళ్లు, నేనూ వస్తున్నా... ఒరేయ్, అన్నం కుక్కర్లోనే ఉంది, వడ్డించుకో. బండి తాళాలు ఎక్కడ పెట్టాను?

హోస్ట్: ఫ్రిజ్ మీద పిన్నీ.