మన ఛాతీకి ఎవరి కొలబద్ద?

నవంబరు 8న హనుమకొండలో, రేడియాలజీ దినోత్సవం సందర్భంగా పీజీ విద్యార్థులు, జిల్లా వైద్యులు, టెక్నీషియన్ల ముందు చేసిన ప్రసంగ పాఠం

వేదిక మీది పెద్దలకు, కాకతీయ మెడికల్ కాలేజీ పీజీలకు, భూపాలపల్లి, ములుగు, జనగామ, మహబూబాబాద్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన డాక్టర్లకు, టెక్నీషియన్లకు నమస్కారం. 1895లో ఇదే రోజున రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనిపెట్టాడు కాబట్టి ఏటా ఇది మన పండుగ. ఆ కథ మీకందరికీ తెలుసు, మళ్లీ చెప్పను. నాకిచ్చిన అంశం "ఛాతీ, గుండె ఇమేజింగ్ నిపుణులకు జాతీయ సంఘం ఎందుకు" అని. సంఘాన్ని పొగిడి కూర్చుంటానని నిర్వాహకులు అనుకొని ఉంటారు. కాస్త పేచీ పెట్టుకోవడానికే వచ్చాను.

సంఘం అనగానే మనకు గుర్తొచ్చేది ఏడాదికోసారి ఏదో మహానగరంలో పెద్ద హోటలు, మెడలో ట్యాగు, భుజానికి బ్యాగు, స్టాళ్లలో పంచే పెన్నులు. నాకు వాటి మీద కోపమేమీ లేదు. ఆ బ్యాగులు మా ఇంట్లో ఇప్పటికీ కూరగాయలకు పనికొస్తున్నాయి. కాకపోతే అంతమాత్రానికి సంఘమెందుకు, ఈవెంట్ మేనేజరు చాలు. సంఘం పని వేరు. ఒకే ఫిల్ముని హైదరాబాద్‌లో చదివినా, పరకాలలో చదివినా ఒకే మాట రావాలి. ఏనుమాముల మార్కెట్లో ప్రతి అడ్తిదారూ తన సొంత కాంటా పెట్టుకుంటే పత్తి తెచ్చిన రైతు గతేమిటి? రిపోర్టు పట్టుకొని ముగ్గురు డాక్టర్ల దగ్గరికి తిరిగే మన రోగి గతి కూడా అదే. కాబట్టి నా ప్రశ్న రెండు ముక్కలు: కాంటా ఒకటే ఉందా? ఉంటే, అది ఎవరి సరుకు తూయడానికి చేసింది?

2021 ఏప్రిల్, మే నెలలు గుర్తు చేసుకోండి, కోవిడ్ రెండో అల, ఛాతీ సీటీ స్కాన్ల రోజులు. ఎవరింట్లో జ్వరం వచ్చినా ఒకటే మాట: "స్కోరెంత వచ్చిందన్నా?" ఊపిరితిత్తులకు కుడివైపు మూడు లోబులు, ఎడమవైపు రెండు. ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు మార్కులు, మొత్తం 25. జబ్బు ఎంత మేర పాకిందో చెప్పే లెక్క అది. అదే కాగితం మీద ఇంకో అంకె ఉండేది, కో-రాడ్స్. నెదర్లాండ్స్ రేడియాలజీ సంఘంవాళ్లు 2020లో తయారుచేశారు. 0 నుంచి 6 దాకా ఉంటుంది. సీటీలో కనిపించేది కోవిడేనన్న అనుమానం ఎంత బలంగా ఉందో చెప్పడమే దాని పని. 5 అంటే అనుమానం గట్టిది అని, 6 అంటే పీసీఆర్‌లో అప్పటికే తేలిపోయింది అని. జబ్బు తీవ్రతతో దానికి సంబంధమే లేదు. రెండు అంకెలూ ఒకే పేజీలో, ఏది దేనికో ఒక్క వాక్యం వివరణ లేకుండా అచ్చయ్యాయి. ఇక చెప్పేదేముంది! కో-రాడ్స్ 5 చూసి "ఇరవై ఐదుకు ఐదే గదా" అని ధీమా పడ్డవాళ్లున్నారు. అదే 5 చూసి ఆఖరి స్టేజీ అనుకొని ఇల్లంతా ఏడ్చినవాళ్లూ ఉన్నారు.

అప్పటికి ఏడాది ముందే, 2020 ఏప్రిల్‌లో, ఛాతీ ఇమేజింగ్ నిపుణుల అంతర్జాతీయ సంఘం ఫ్లైష్‌నర్ సొసైటీ స్పష్టంగా చెప్పింది: లక్షణాలు తేలికగా ఉండి, ముదిరే ముప్పు లేనివాళ్లకు ఇమేజింగ్ అవసరం లేదని. ఆ మాట మన స్కానింగ్ సెంటర్ల గుమ్మం దాకా రాలేదు. వచ్చినా లోపలికి రానిచ్చేవాళ్లా అన్నది వేరే సంగతి.

అదే మే నెలలో ఇంకో తగాదా నడిచింది. ఒక్క సీటీ స్కాన్ 300, 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ అన్నారు. వెంటనే మన రేడియాలజీ జాతీయ సంఘం ఐఆర్ఐఏ ఖండించింది. అది ముప్పై నలభై ఏళ్ల కిందటి మాట, ఇప్పటి అల్ట్రా లో డోస్ సీటీలో రేడియేషన్ ఐదు పది ఎక్స్‌రేలకు మించదని. టీవీ చూస్తున్న మనిషి ఎవరిని నమ్మాలి? లెక్క వేద్దాం. రేడియేషన్‌ను కొలిచే మిల్లీసీవర్ట్‌లలో చెబితే, మామూలు ఛాతీ సీటీకి సుమారు 6, లో డోస్‌కు ఒకటిన్నర. ఎక్స్‌రేకు 0.1 అనుకుంటే మామూలు సీటీ 60 ఎక్స్‌రేలు, లో డోస్ 15. మంచి డిజిటల్ మెషీన్‌లో ఎక్స్‌రేకు 0.02 పడిందనుకోండి, అదే మామూలు సీటీ 300 ఎక్స్‌రేలు అవుతుంది. అంటే ఎయిమ్స్ అంకె గాలిలోంచి ఊడిపడలేదు, మన సంఘం అంకె కూడా అబద్ధం కాదు, అలాంటి మెషీన్, అలాంటి ప్రోటోకాల్ ఉన్నచోట. మన ఊళ్లో ఎన్ని సెంటర్లలో ఉందో ఎవరు చూశారు? సంఘం ఆ రోజు మన తరఫు వకీలులా మాట్లాడింది. ఏ మెషీన్‌కు ఎంత, రోగి ఏమని అడగాలి అని చెప్పి ఉంటే నాకు సంతోషంగా ఉండేది.

సరే, బయటి దేశాల సంఘాలు ఏం చేశాయి? ఫ్లైష్‌నర్ సొసైటీ 1969లో పుట్టింది. అమెరికాలో సొసైటీ ఆఫ్ థొరాసిక్ రేడియాలజీ, అంటే ఛాతీ రేడియాలజీ సంఘం, 1982లో, యూరప్ థొరాసిక్ ఇమేజింగ్ సంఘం 1993లో వచ్చాయి. వాళ్లకూ హోటళ్లున్నాయి, బ్యాగులున్నాయి. కానీ మనం రోజూ వాడే కొలతలు కూడా వాళ్లవే. ఊపిరితిత్తిలో అనుకోకుండా చిన్న గడ్డ కనబడితే ఏం చేయాలో ఫ్లైష్‌నర్‌వాళ్లు 2005లో రాశారు, 2017లో సవరించారు. గట్టి గడ్డ 6 మిల్లీమీటర్ల లోపు ఉండి, మనిషికి క్యాన్సర్ ముప్పు తక్కువైతే మళ్లీ స్కాన్ అక్కర్లేదు. 8 దాటితే మూడు నెలలకు సీటీ గానీ, పెట్ స్కాన్ గానీ, ముక్క తీసి పరీక్ష గానీ ఆలోచించాలి. చక్కటి నియమం. క్యాన్సర్ భయమే ప్రధానమైన దేశాల్లో పుట్టిన నియమం కూడా.

ఇప్పుడు ఏటూరునాగారం నుంచి వచ్చిన యాభై ఏళ్ల రైతును తీసుకోండి. ఎప్పుడో టీబీ సోకి మానిపోయి ఉంటుంది, ఆయనకే తెలియదు. పై లోబులో 9 మిల్లీమీటర్ల గడ్డ. పుస్తకం తెరిస్తే పెట్ స్కాన్ ఒక దారి. ఆయన పొలం పని మానుకొని, అప్పు చేసి హైదరాబాద్ పోతాడు. స్కాన్‌లో గడ్డ క్యాన్సర్ గడ్డలాగే మెరుస్తుంది. టీబీ గడ్డ కూడా మెరుస్తుందని మనకు తెలుసు, ఆయనకు ఎవరు చెప్పాలి? ఆ రాత్రి నుంచి ఆ ఇంట్లో నిద్ర ఉండదు. టీబీ ఇంతగా ఉన్న నేలమీద, ఏ గడ్డకు ఎన్నాళ్లు ఆగొచ్చు, ఎవరికి ముందు కళ్లె పరీక్ష చేయాలి, ఎవరిని నేరుగా బయాప్సీకి పంపాలి అన్నది మన కేసులను ఏళ్ల తరబడి వెంటాడి చూస్తేనే తేలుతుంది. ఒక డాక్టరో, ఒక కాలేజీయో చేయగలిగింది కాదు. జాతీయ సంఘం ఉండాల్సింది దీనికి.

ఇక మన బొగ్గు సంగతికొస్తాను. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఓపిక పట్టండి.

ఇల్లెందులో బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. తర్వాత గోదావరి పొడుగునా పాకింది: గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, భూపాలపల్లి. తండ్రి బొగ్గు బాయి దిగిండు, కొడుకు దిగిండు. బొగ్గు దుమ్ము, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి చేసే గాయాన్ని ఎక్స్‌రేలో చదవడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఐఎల్ఓ, ఒక పద్ధతి పెట్టింది. ప్రమాణ ఫిల్ములు పక్కన పెట్టుకొని మన ఫిల్ముని వాటితో పోల్చాలి. చిన్న మచ్చలు గుండ్రంగా ఉన్నాయా, వంకరగా ఉన్నాయా, ఎంత ఒత్తుగా ఉన్నాయి, సెంటీమీటరు దాటినవి ఏమైనా ఉన్నాయా అని చూడాలి. ఒత్తుకు పన్నెండు మెట్లు, సున్నా అంటే మచ్చలు లేనట్టే. అందులో 1/0 అంటే, ఒకటే అని తేల్చాం గానీ సున్నా ఏమో అని కూడా గట్టిగా ఆలోచించాం అని. 0/1 అంటే దానికి తిరగేసి. చదివేవాడి సందేహాన్ని కూడా అంకెలోనే రాయించే పద్ధతి నాకు ఇంకెక్కడా కనబడలేదు. నాకు చాలా ఇష్టం. కానీ కార్మికుడి పరిహారం మాటకొస్తే సరిగ్గా ఆ రెంటి మధ్యనే గొడవ. ఇద్దరు డాక్టర్లు చెరోవైపు చదివితే మధ్యలో నలిగేది అతనే.

అమెరికాలో ఈ తేడాలు చూసి 1974లో బీ రీడర్ అని ఒక పరీక్ష పెట్టారు. అది పాసైనవాళ్లకే ఆ పేరు. ఒకసారి పాసై జీవితాంతం కాలు మీద కాలు వేసుకోవడం కుదరదు, గడువు తీరాక మళ్లీ అర్హత నిరూపించుకోవాలి. మన గనుల నిబంధనల ప్రకారం కార్మికుడికి కనీసం ఐదేళ్లకోసారి వైద్య పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ఉండాలి. ఫిల్ములకు కొదవలేదన్నమాట. జాతీయ సంఘం ఆ ఫిల్ముల్లోంచి, పేర్లు తీసేసి, ఒక బోధన నిధి తయారుచేసి, దాని మీద పరీక్ష పెట్టి, ఆ పరీక్షాకేంద్రం వరంగల్‌లోనే ఉంచితే ఎంత బాగుంటుంది! ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు భూపాలపల్లి ఛాతీ అపురూపం. మనకు అది మంగళవారం నాటి ఓపీ.

ఏఐ వచ్చేసింది కదా, ఇంకా ఈ చదువులెందుకు అని ఒక పీజీ బాబు ఇందాక టీ దగ్గర అడిగాడు. మంచి ప్రశ్న. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పదిహేనేళ్లు దాటినవారి ఛాతీ ఎక్స్‌రేలను టీబీ వడపోత కోసం కంప్యూటర్ చదవొచ్చని ఒప్పుకుంది. 2024 డిసెంబరులో మొదలైన వంద రోజుల టీబీ కార్యక్రమంలో చేతిలో పట్టుకొనే ఎక్స్‌రే మెషీన్లు ఊళ్లలోకే పోయాయి. నడవలేని ముసలమ్మకు వాకిట్లోనే ఫోటో తీయగలగడం మామూలు విషయం కాదు. కానీ ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చేది ఒక స్కోరు. ఎంత దాటితే కళ్లె పరీక్షకు పంపాలన్న గీత స్థానికంగా తేల్చుకోవాలని ఆ సంస్థే చెబుతోంది. పాత టీబీ మచ్చలున్న ఛాతీల్లో ఆ సాఫ్ట్‌వేర్ తడబడుతుంది. బొగ్గు దుమ్ము మచ్చలు పై భాగాల్లోనే గుంపుకడతాయి, టీబీ కూడా అక్కడే కూర్చుంటుంది. గోదావరిఖనికి, జనగామకు ఒకే గీత పెడితే ఎక్కడో ఒకచోట తప్పుతుంది. ఆ గీత ఎవరు గీయాలి? అమ్మిన కంపెనీ మాత్రం కాదు.

పత్తి గురించి ఒక్క మాట. వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు మూతపడ్డా జిన్నింగ్ మిల్లులున్నాయి. పత్తి దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్‌లో, సెలవు తర్వాత పనికి పోయిన మొదటి రోజు ఛాతీ పట్టేస్తుంది, దమ్ము వస్తది. ఎక్స్‌రే తీస్తే చాలాసార్లు శుభ్రంగా ఉంటుంది. మనం "నార్మల్" అని రాసి పంపిస్తాం. రిక్వెస్ట్ ఫారం మీద "వృత్తి" అన్న గడి ఖాళీగా వస్తే ఎంత గొప్ప రేడియాలజిస్టు అయినా చేసేదేమీ లేదు. పంపే డాక్టర్లు ఇక్కడున్నారు కాబట్టి అంటున్నాను.

గుండెను ఇందులో ఎందుకు కలిపారని అడగొచ్చు. మన దేశంలో గుండె ఇమేజింగ్‌కు వేరే సంఘం ఉంది, ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ కార్డియాక్ ఇమేజింగ్. ఛాతీవాళ్లు వేరు. కార్డియాలజిస్టులకు ఎకోతో వాళ్ల లోకం వాళ్లది. మూడు గుంపులు, ఎముకల గూడు మాత్రం ఒకటే. దగ్గుకని ఛాతీ సీటీ తీస్తే గుండెకు రక్తమిచ్చే కరొనరీ ధమనుల్లో, గుండెజబ్బుకు గుర్తయిన సున్నం తెల్లగా కనబడుతూనే ఉంటుంది. ఊపిరితిత్తుల మీద పేజీ రాసి, ఆ తెల్లటి గీతను చూడనట్టే వదిలేసిన రిపోర్టులు ఎన్నో. అమెరికాలో కార్డియాక్ సీటీ సంఘం, థొరాసిక్ రేడియాలజీ సంఘం కలిసి కూర్చొని 2016 మార్గదర్శకాల్లో తేల్చాయి: మామూలు ఛాతీ సీటీలో అయినా సరే, ఆ సున్నాన్ని రిపోర్టు చేయాలని. దానికి కొత్త మెషీన్ అక్కర్లేదు, కొత్త ఇంజెక్షన్ అక్కర్లేదు, రోగికి పైసా అదనపు ఖర్చు లేదు. ఒక్క వాక్యం. బీడీ తాగే బాయి కార్మికుడికి ఆ వాక్యం ఊపిరితిత్తుల రిపోర్టు కంటే ముందు అక్కరకు రావొచ్చు. రెండు సంఘాలు ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఇంత పని జరుగుతుంది.

ఖమ్మం వైపు తలసీమియా పిల్లల గుండెలో ఇనుము ఎంత పేరుకుందో ఎమ్మారైలో టీ2 స్టార్ అనే కొలత చెబుతుంది. 20 మిల్లీసెకన్ల లోపు వస్తే జాగ్రత్త, 10 లోపు వస్తే ప్రమాదం. దాన్ని సరిగ్గా కొలిచే చోటు ఆ పిల్లలకు దగ్గరలో ఉండాలి. అది వేరే ప్రసంగం.

చందా కట్టడం మానేయమని నేను అనడం లేదు. చందాకు బదులు ఏమడగాలో చెబుతున్నాను. జిల్లా నుంచి కార్యవర్గంలో ఒక మనిషి. రిపోర్టు చివర రోగికి అర్థమయ్యేలా తెలుగులో నాలుగు వాక్యాలు, రాష్ట్రమంతా ఒకే నమూనాలో. రాత్రి పదకొండుకు వ్యూబాక్స్ (ఫిల్ము చూసే లైటు పెట్టె) మీది ఫిల్ముని ఫోన్‌తో ఫోటో కొట్టి వాట్సాప్‌లో పంపి "సార్, చెప్పండి" అంటే ఏం చెప్పొచ్చు, ఏం చెప్పకూడదు అన్నదానికి రాతపూర్వకమైన నియమం. ఈ చివరిది రేపే కావాలి, ఎందుకంటే ఇవాళ రాత్రి కూడా ఆ ఫోటో మీలో ఎవరో ఒకరికి వస్తుంది.

నాకిచ్చిన టైం దాటిపోయింది. ప్రశ్నలు అడగండి. ముందు టెక్నీషియన్లు, తర్వాత పీజీలు, మిగిలితే ప్రొఫెసర్లు.