పలాస జీడిపప్పు మెయిల్‌కి నా రేటింగ్: పదికి రెండు

అందరికీ నమస్కారం. కాశీబుగ్గ నుంచి మాట్లాడుతున్నాను, వెనకాల మిషన్ చప్పుడు వస్తుంటుంది, ఏమనుకోకండి. ఈరోజు రివ్యూ ఫోనుకి కాదు, మా బావ రాసిన మెయిల్‌కి. మా జీడిపప్పు కొనండని హైదరాబాద్‌లో అరవై స్వీట్ షాపులకి మెయిల్ కొట్టాడు. ఒక్కడంటే ఒక్కడు పలకలేదు.

సబ్జెక్ట్ చూడండి: 'ప్రీమియం క్వాలిటీ, బెస్ట్ ప్రైస్'. ఇలాంటివి వాళ్లకి రోజూ వస్తాయి, తెరవరు. తెరిచినా మొదటి పేరా అంతా తాతగారు ఎప్పుడు బట్టీ పెట్టారు, మేం ఎంత నిజాయితీపరులం, ఇదే గోల. పైగా అరవై అడ్రస్‌లూ 'టు'లోనే పెట్టేశాడు, అంటే ఎవరెవరికి పంపాడో అందరికీ కనిపిస్తుంది. చాలు బావా.

అసలు తప్పు ఇది కూడా కాదు. కాజూ కత్లీ చేసేవాళ్లకి డబ్ల్యూ180 గుండు పప్పు చూపించాడు! పౌనుకి, అంటే దాదాపు 450 గ్రాములకి, 180 పప్పులకి మించి తూగని పెద్ద గుండు అది, అందుకే ఖరీదెక్కువ. కత్లీకి ఎలాగూ పొడి కొడతారు కదా, బద్దో ముక్కో చాలు. కొనేవాడు ఏం చేస్తాడో తెలుసుకోకుండా రాసిన మెయిల్ ఇలాగే ఉంటుంది.

రాత్రి కూర్చుని నేను మార్చాను, చదువుతాను వినండి:

'సబ్జెక్ట్: కాజూ కత్లీకి పలాస బద్ద, 10 కిలోల టిన్. నమస్కారం అండీ. మీ మెనూలో కత్లీ చూశాను. దానికి గుండు పప్పు కొంటుంటే మీకు డబ్బు దండగ. మా బద్దలో తేమ 5 శాతం లోపే. అర కిలో శాంపిల్ పంపిస్తాను, మీ మాస్టర్ ఒకసారి పొడి కొట్టి చూస్తారా?'

అంతే. ధర అడిగితే అప్పుడు చెబుదాం. నాలుగైదు రోజులు చూసి, ఇదే మెయిల్‌కి రిప్లైగా ఒక్క లైను గుర్తు చేస్తే చాలు, రోజూ వెంటపడితే స్పామ్‌లో పడేస్తారు.

అన్నట్టు, వేల అడ్రస్‌ల లిస్టు కొందామన్నాడు బావ. వద్దన్నాను. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి రోజుకి 5,000 దాటి పంపేవాళ్ల మీద గూగుల్ గట్టిగానే ఉంది, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, అంటే వెయ్యికి ముగ్గురు 'స్పామ్' అని నొక్కినా చిక్కే. కొన్న లిస్టులో ఆ ముగ్గురు దొరకడం ఎంతసేపు?

కొత్త మెయిల్ చూపిస్తే బావ, 'ఇంత చిన్నదా? తాత పేరేదీ?' అన్నాడు. కింద సంతకంలో పెట్టాం.