హాలాంగ్ బేలో రాత్రి బోటు: బుక్ చేసే ముందు ఇది చూడండి

ఇదిగో, ఈ నీళ్ళ మీద తెల్లగా తేలుతోంది చూశారా, ఇదంతా థర్మాకోల్ అండి. ఎడిటింగ్ టైంలో మా తమ్ముడు ఈ షాట్ తీసేద్దామా అన్నాడు, ఉంచరా అన్నా. ఎందుకంటే వియత్నాంలోని ఈ హాలాంగ్ బే మీద నేను చూసిన వీడియోలన్నీ ఒకటే టైపు, డ్రోన్ ఎగరేస్తారు, ఆకుపచ్చ నీళ్ళు, కొండలు, డెక్ మీద జ్యూస్ గ్లాసు, అయిపోయింది. అవి చూసే మేము టికెట్ తీసుకున్నాం, వెళ్ళాక సగం విషయం ఎవరూ చెప్పలేదే అనిపించింది.

నమస్తే అందరికీ. హైదరాబాద్ నుంచి వియత్నాంకి డైరెక్ట్ ఫ్లైట్లు వచ్చాక మనవాళ్ళు బాగా వెళ్తున్నారు, ఈ-వీసా 25 డాలర్లకి వచ్చేస్తోంది, హనోయ్‌లో దిగి వ్యాన్ ఎక్కితే రెండున్నర మూడు గంటల్లో హాలాంగ్. మేము అమ్మని కూడా తీసుకెళ్ళాం. మధ్యాహ్నం బోటు ఎక్కి, రాత్రి సముద్రంలోనే పడుకుని, మర్నాడు మధ్యాహ్నానికి తిరిగి ఒడ్డుకి వచ్చే ప్యాకేజీ.

ముందు అందం సంగతి చెప్పాలి, ఎందుకంటే అది నిజం, ఫొటోల్లో కనిపించేదానికంటే చాలా ఎక్కువ. బోటు కదిలిన కాసేపటికే రెండు పక్కలా సున్నపురాయి కొండలు నీళ్ళలోంచి నిటారుగా లేచి నిలబడి ఉంటాయి, ఒకటి దాటితే దాని వెనక ఇంకోటి, ఇలాంటివి చిన్నా పెద్దా కలిపి 1,969 ద్వీపాలు ఉన్నాయట, కోట్ల ఏళ్ళుగా వాన నీళ్ళూ సముద్రం కలిసి రాయిని తినేస్తూ వస్తే మిగిలిన రూపం ఇది. యునెస్కో 1994లో వారసత్వ జాబితాలో పెట్టింది, 2000లో భూగర్భ విలువ కోసం ఇంకోసారి గుర్తించింది, 2023లో పక్కనున్న కాట్‌బా దీవుల్ని కూడా కలిపింది. వాళ్ళ రెండు లక్షల డాంగ్ నోటు వెనక ఒక రాయి బొమ్మ ఉంటుంది, ఆ రాయి ఇక్కడే ఉంది, బోట్లో అందరూ నోటు పట్టుకుని ఫొటోలు. తర్వాత సుంగ్‌సోట్ గుహ చూపిస్తారు, చాలా పెద్దది, కానీ జనం లైన్లో నడుస్తూనే ఉండాలి. టిటాప్ దీవి కూడా ఉంటుంది, 1962లో హోచిమిన్‌తో కలిసి వచ్చిన రష్యా వ్యోమగామి టిటోవ్ పేరు పెట్టారు దానికి, నాలుగొందల పైన మెట్లు, అమ్మ కిందే కూర్చుంది.

ఇక ఈ షాట్ దగ్గరికి వద్దాం. మాకు కయాక్ ఇచ్చారు, కొండల మధ్య మడుగులాంటి చోటికి తెడ్డేసుకుంటూ వెళ్ళాం, అక్కడ గాలి ఉండదు, అల ఉండదు, అందుకే కొట్టుకొచ్చిందంతా అక్కడే ఆగిపోతుంది. రాయి అంచున చెయ్యి పెట్టి చూస్తే థర్మాకోల్ పెద్ద ముక్కలే కాదండి, నలిగి నలిగి సగ్గుబియ్యం గింజల్లా అయిపోయింది, రాయికి అతుక్కున్న నత్తగుల్లల మధ్యలోకి దూరిపోయి ఉంది, గోటితో గీకితే కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. పక్కనే చిన్న పడవలో ఒకావిడ, మొహానికి గుడ్డ, తలమీద శంఖు టోపీ, పొడుగు కర్రకి వల కట్టుకుని ఆ చెత్తే తోడుతోంది. పెద్ద ముక్క వలలోకి వస్తుంది, ఆ గింజలు వల కన్నాల్లోంచి మళ్ళీ నీళ్ళలోకి జారిపోతున్నాయి.

ఇది టూరిస్టులు పడేసిందని అనుకున్నాం మేము. చాలావరకు కాదు. ఇక్కడ ఆల్చిప్పలు, చేపలు పెంచే తెప్పలు చాలా ఉంటాయి, అవి తేలడానికి కింద థర్మాకోల్ దిమ్మలు కడతారు, అలాంటివి లక్షల్లో ఉండేవి. ప్రభుత్వం అవి వద్దు, నీళ్ళ మీద తేలే గట్టి ప్లాస్టిక్ డబ్బాలు పెట్టుకోండి అని రూల్ పెట్టింది, మంచి రూలే, కానీ పాతవి ఏం చెయ్యాలో సరిగ్గా చూసుకోలేదు, కొంతమంది వాటిని సముద్రంలోకే వదిలేశారు. 2023లో మార్చి మొదలు కొన్ని నెలల్లోనే 10,000 క్యూబిక్ మీటర్ల చెత్త తీశారని అప్పుడు వార్తలొచ్చాయి. దాని మీద 2024 సెప్టెంబర్ 7న యాగి తుఫాను సరిగ్గా ఈ తీరం మీదే విరుచుకుపడింది, చాలా తెప్పలు ముక్కలైపోయాయి, టూరిస్టు బోట్లు కూడా మునిగాయి. ఆ తెప్పల మీదే బతికేవాళ్ళు అప్పులు చేసి పెట్టుబడి పెట్టుకున్నారు, వాళ్ళని ఒక్క మాటతో తిట్టేసి వెళ్ళిపోవడం నాకు న్యాయం అనిపించదు.

సాయంత్రం బోట్లన్నీ ఒకే చోట లంగరేశాయి, లైట్లు వెలిగాయి, జనరేటర్ల చప్పుడు, డీజిల్ వాసన. భోజనం సంగతి త్వరగా చెప్పేస్తా, వెజిటేరియన్ అని ముందే చెప్పినా చేపల సాస్ పడుతుంది, అడిగి తినండి, పొడులు తీసుకెళ్ళండి. తినేశాక అమ్మ నన్ను పిలిచి అడిగింది, "ఇంతమందిమి స్నానాలు చేశాం, ఆ వంటగది ఉంది, లెట్రిన్లు ఉన్నాయి, ఆ నీళ్ళన్నీ ఎటు పోతున్నాయి నాన్నా?" అని. నేను వెళ్ళి గైడ్ అబ్బాయిని అడిగా. ట్యాంకు ఉంది సార్ అన్నాడు, చూపిస్తావా అంటే నవ్వి ఊరుకున్నాడు. పొద్దున్నే లేచి కిందకి చూస్తే మా బోటు పక్కన నీళ్ళ మీద రంగురంగుల నూనె పొర, అదిగో, క్లోజప్‌లో పెట్టా. అది మా బోటుదో పక్క బోటుదో నేను చెప్పలేను, అందుకే పేరు చెప్పట్లేదు, కామెంట్లలో అడగొద్దు ప్లీజ్.

2019 సెప్టెంబర్ నుంచి ఇక్కడ బోట్లలో ఒకసారి వాడి పడేసే ప్లాస్టిక్ బ్యాన్. మాకు గాజు సీసాల్లో నీళ్ళిచ్చారు, స్ట్రా లేదు, చాలా సంతోషం అనిపించింది. కానీ కంటికి కనిపించే సీసా మీద రూలు పడింది, కంటికి కనిపించని మురుగునీళ్ళ గురించి మనం ఎవరమూ అడగట్లేదు, అదీ నా బాధ. మనం అడగకపోతే బోటు ఓనరు ట్యాంకు మీద డబ్బు ఎందుకు పెడతాడు, డెక్ మీద ఇంకో జకూజీ పెడతాడు, దానికి బుకింగ్స్ వస్తాయి కాబట్టి.

పైగా ఇది ఒక్క బోట్లతో పోయేది కాదు. ఈ హాలాంగ్ ఉన్న క్వాంగ్‌నిన్ రాష్ట్రం వియత్నాంకి బొగ్గు గనుల ప్రాంతం, 1888లో ఫ్రెంచివాళ్ళు కంపెనీ పెట్టి తవ్వడం మొదలుపెట్టారు, హోన్‌గాయ్, కామ్‌ఫా గనులు ఈ తీరం వెనకే ఉన్నాయి. 2015 జూలైలో భయంకరమైన వానలు పడి బొగ్గు బురద ఊళ్ళ మీద పడింది. 2023లో అదే కామ్‌ఫాలో, బే చుట్టూ ఉన్న రక్షణ జోన్ అంచున సముద్రం పూడ్చి ఇళ్ళు కట్టే ప్రాజెక్టు ఫొటోలు బయటికొచ్చి అక్కడి జనం గట్టిగా గొడవ చేశారు. కానీ ఈ నీళ్ళ మీదే తరతరాలుగా తేలే ఇళ్ళలో బతికిన జాలర్లని మాత్రం 2014లో మురుగు, చదువులు అని చెప్పి ఒడ్డుకి తరలించారు. పిల్లలకి బడి దొరికింది, అది మంచిదే, కానీ వాళ్ళు ఖాళీ చేసిన నీళ్ళలో ఇప్పుడు మనం రాత్రులు పడుకుంటున్నాం, వాళ్ళలో కొందరు పొద్దున్నే వచ్చి మనల్ని పడవలో తిప్పి సాయంత్రం వెళ్ళిపోతున్నారు.

సేఫ్టీ గురించి చెప్పకుండా వదల్లేను. 2011 ఫిబ్రవరిలో టిటాప్ దగ్గర లంగరేసిన బోటు తెల్లవారుజామున మునిగి, నిద్రలోనే 12 మంది పోయారు. 2025 జూలైలో గాలివాన వచ్చి టూరిస్టు బోటు తిరగబడి ముప్పై మందికి పైగా పోయారు. 2019లో కచ్చులూరు దగ్గర మన గోదావరిలో ఏం జరిగిందో మర్చిపోయే వాళ్ళం కాదు కదా. కాబట్టి రూమ్‌లోకి వెళ్ళగానే లైఫ్ జాకెట్ ఎక్కడుందో చూసి, ఒకసారి వేసుకుని, బయటికి దారేదో పెద్దవాళ్ళకి నడిపించి చూపించండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా తుఫాన్లు, వాతావరణం బాలేదని ట్రిప్ క్యాన్సిల్ చేస్తే సిబ్బందితో గొడవ పడకండి. అక్టోబర్, నవంబర్ బాగుంటుంది.

వెళ్ళొద్దని నేను చెప్పను, మా అమ్మ ఇప్పటికీ ఆ కొండల గురించే చెప్తుంది అందరికీ. బుక్ చేసే ముందు బోటువాళ్ళకి వాట్సాప్‌లో మూడు ప్రశ్నలు పంపండి: మురుగునీళ్ళకి ట్రీట్‌మెంట్ సిస్టమ్ ఉందా, ఉంటే ఫొటో పెట్టగలరా, ట్యాంకు ఎక్కడ ఖాళీ చేస్తారు. తిరిగొచ్చాక నేను కొన్ని బోట్లకి ఇవే పంపా, కొందరు ఎమోజీ పెట్టి వదిలేశారు, ఒకళ్ళు మాత్రం ఇంజిన్ రూమ్‌లోకి దిగి వీడియో తీసి పంపారు. ఆ మెసేజ్ ఇంగ్లీషులో, వియత్నామీస్‌లో రెండిట్లోనూ పిన్ చేసిన కామెంట్‌లో పెట్టా, కాపీ చేసి పంపండి, మీకేం జవాబు వచ్చిందో కింద రాయండి.