పెరట్లో పనస చెట్టు: ఒక బొమ్మల పుస్తకం రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ రోజు పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి తీసుకొచ్చాను. అట్ట కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను, చూడండి. పనస చెట్టు, దాని కింద నులక మంచం, మంచం మీద తాతగారు. కథంతా ఈ పెరట్లోనే.

తెరవగానే నేను చూసింది కాయలు ఎక్కడ వేశారా అని. చాలా బొమ్మల్లో పనసకాయల్ని మామిడికాయల్లా కొమ్మల చివర వేలాడదీస్తారు. ఇందులో మాను మీద, లావు కొమ్మల మీద చక్కగా వేశారు. నల్లబడి రాలిపోయిన మగ పూలు కూడా నేల మీద ఉన్నాయండీ! వేసినవాళ్లు పనస చెట్టు కింద కూర్చునే వేసి ఉంటారు.

ఇంట్లో ఒక్కొక్కరికీ ఆ చెట్టుతో ఒక్కో పని. నానమ్మ ఆకులు కుట్టి బుట్టలు చేసి, ఇడ్లీ పిండి పోసి ఆవిరికి పెడుతుంది. అమ్మ లేత కాయతో పనసపొట్టు కూర వండుతుంది. నాన్న చేతులకీ కత్తికీ నూనె రాసుకుని పండు కోస్తాడు. ఆ బొమ్మ చూసి మా ఆరేళ్ల అమ్మాయి "అమ్మమ్మ కూడా ఇలాగే రాసుకుంటుంది" అంది.

తర్వాత తుపాను వస్తుంది. ఆ రెండు పేజీల్లో ఒక్క మాట కూడా లేదు. నాకు అక్కడ గొంతు పట్టేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు, అడవివరంలో మా అమ్మ వాళ్లింటి పనస చెట్టు కూలిపోయింది. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలి. మర్నాడు చూస్తే సింహాచలం కొండ మీద పచ్చదనమే లేదు. ఊరంతా అంత నష్టపోయినప్పుడు ఒక చెట్టు కోసం ఏడవడానికి మొహమాటపడ్డాను. ఈ పుస్తకంలో పాప పడిపోయిన మాను మీద చెయ్యి వేసి కూర్చుంటుంది. ఎవరూ "ఊరుకో" అనరు. ఈ ఒక్క పేజీ కోసం పుస్తకం కొనొచ్చు.

పేజీకి రెండు మూడు వాక్యాలే కాబట్టి చదవడం వచ్చిన పిల్లలు సొంతంగా చదువుకోగలరు. తుపాను పేజీలు మాత్రం పక్కన కూర్చుని చూపించండి.

నచ్చనిది ఒకటుంది. పేజీ తిప్పగానే కొత్త మొక్క నాటేస్తారు, అందరూ నవ్వుతుంటారు. అంత తొందర ఎందుకు? "మరి పాత చెట్టు ఏమైంది?" అని మా అమ్మాయి వెంటనే అడిగింది. పుస్తకంలో జవాబు లేదు. పనస కలప పసుపుగా ఉంటుందనీ, బొబ్బిలి వీణల్ని పనస దుంగతోనే చెక్కుతారనీ చెప్పాను.

"అయితే మన చెట్టు కూడా వీణ అయిందా?" అంది.

మా చెట్టుని ముక్కలు కోసి ఎవరో తీసుకెళ్లారు. ఎక్కడికో మేం అడగలేదు. ఉన్నదున్నట్టే చెప్పాను. వేసవి సెలవుల్లో బొబ్బిలి తీసుకెళ్లి వీణ ఎలా చెక్కుతారో చూపిస్తానని మాటిచ్చాను.