తిరిగే రాకెట్టు మీద ఉపగ్రహ సంకేతం నిలిచేదెలా?

గౌరవనీయులైన అధ్యాపకులకు, పాలమూరు విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

కురుమూర్తి జాతరలో రంగులరాట్నం ఎక్కి, బయటి వైపు ముఖం పెట్టి కూర్చున్న పిల్లవాడికి, కింద నిలబడ్డ తల్లి చుట్టుకొకసారి కనబడి మళ్లీ మరుగవుతుంది. తన చుట్టూ తాను తిరుగుతూ పైకి లేచే పరిశోధన రాకెట్టుకు పక్కన ఒకే యాంటెన్నా అమర్చితే, జీపీఎస్ ఉపగ్రహం కూడా దానికి అలాగే కనబడుతుంది.

మన రోహిణి శ్రేణిలోని ఆర్‌హెచ్-200 రాకెట్టు వ్యాసం 200 మిల్లీమీటర్లు. అంత లావు గొట్టం సెకనుకు 10 చుట్లు తిరుగుతోందని లెక్క కోసం అనుకుందాం. చుట్టుకు 100 మిల్లీసెకన్లు. జీపీఎస్ పంపే ఒక్కో సమాచార బిట్టు నిడివి 20 మిల్లీసెకన్లు. అంటే చుట్టుకు వచ్చే ఐదు బిట్లలో దాదాపు సగం లోహపు గొట్టం చాటున పోతాయి. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి దిగివచ్చే ఆ సంకేతం అసలే రిసీవర్ సొంత రొద (నాయిస్) కన్నా బలహీనంగా ఉంటుంది.

కనబడే సగంలోనూ ఇబ్బంది తప్పదు. అంచున ఉన్న యాంటెన్నా సెకనుకు 6.28 మీటర్ల వేగంతో ఉపగ్రహం వైపు ఒకసారి, దానికి దూరంగా ఒకసారి కదులుతుంది కనుక, 19 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గల 1575.42 మెగాహెర్ట్జ్ వాహక తరంగపు (సమాచారాన్ని మోసుకొచ్చే తరంగపు) ఆవృత్తి 33 హెర్ట్జ్ దాకా అటూ ఇటూ ఊగుతుంది. దీనిని వెంబడించడానికి రిసీవర్‌లో ఆ తరంగాన్ని పట్టి ఉంచే ఫేజ్ లాక్ లూప్ బ్యాండ్‌విడ్త్, అంటే అది ఎంత వేగపు మార్పుల వెంట పోగలదో ఆ హద్దు, పెంచాలని ముందుగా తోస్తుంది. కానీ చెరువు తూము పెద్దది చేస్తే నీళ్లతో పాటు బురద కూడా వచ్చినట్టు, రొద కూడా లోపలికి చొరబడుతుంది కాబట్టి నేను ఆ దారిని ఒప్పుకోను. గొట్టం చుట్టూ యాంటెన్నాలు పేర్చి కలిపేస్తే చాటు తగ్గుతుంది గాని, రెండింటి నడుమ కొన్ని దిశలలో తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి, ఆ గుంటలు కూడా రాకెట్టుతో పాటే తిరుగుతాయి.

భ్రమణాన్నే ఒక తెలియని రాశిగా తీసుకొని, సంకేతం నుంచే దానిని అంచనా వేసి, ఆ ఊగును లూపుకు చేరకముందే తీసివేయడం మేలని నా నమ్మకం. తిరిగేది రాకెట్టు ఒక్కటే కనుక అన్ని ఉపగ్రహాలకూ ఊగు ఆవృత్తి ఒకటే. దాని పరిమాణం, దశ (ఫేజ్) మాత్రమే ఒక్కో ఉపగ్రహపు దిశను బట్టి మారుతాయి. అందువల్ల ఒకటి చాటుకు వెళ్లినప్పుడు ఎదుట ఉన్న మరొకటి లెక్కను నిలబెడుతుంది. పైగా, ఏ క్షణాన ఏ ఉపగ్రహం బలంగా అందిందో చూసి, యాంటెన్నా అప్పుడు ఎటు తిరిగి ఉందో కూడా చెప్పవచ్చు.

దీనిని మీరు కళాశాల డాబా మీదే చూడవచ్చు. వెనుక రేకు బిగించిన యాంటెన్నాను నిలువుగా ఒక పీఠానికి అమర్చండి. మామూలు రిసీవర్ సంకేత బలాన్ని సెకనుకొకసారి నమోదు చేస్తుంది కనుక, చుట్టుకు ఒక నిమిషం పట్టేలా నిదానంగా తిప్పి, ఒక్కో ఉపగ్రహానికి విడిగా గ్రాఫు గీయండి.