మీ వార్డు మాట పుస్తకంలోకి ఎక్కాలి

అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. నర్సంపేట చుట్టుపక్కల ఊళ్లలో కొత్తగా గెలిచిన వార్డు సభ్యులు ఇంతమంది ఒక్కచోట కూర్చున్నారు, చాలా సంతోషం. 2024 ఫిబ్రవరిలో పంచాయతీల పాత పాలకవర్గాల గడువు ముగిసింది. 2025 డిసెంబర్‌లో ఎన్నికలు జరిగేదాకా ఊళ్లను ప్రత్యేకాధికారులే చూశారు. ఎన్నికైన పాలకవర్గాలు లేక కేంద్రం నుంచి వచ్చే 15వ ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. వీధిలైటు మాడినా, మోరీ నిండినా జనం పంచాయతీ కార్యదర్శి చుట్టే తిరిగారు. ఆయన ఒక్కడు ఏం చేస్తాడు? ఇప్పుడు ఆశ అంతా మీ మీదే.

వార్డు మెంబర్‌కు పవర్ ఏముంది, చెక్కు మీద సంతకం సర్పంచ్‌ది, ఉపసర్పంచ్‌ది కదా అంటారు. సంతకం సంగతి నిజమే. కానీ ఏ పనికి ఖర్చు పెట్టాలో తేలేది తీర్మానంలో. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పాలకవర్గం నెలకోసారి కూర్చోవాలి, గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. మీ బలమంతా ఆ రెండు సమావేశాల్లోనే ఉంది.

మరి గ్రామసభ ఎన్నింటికి పెడుతున్నాం? పొద్దున పదకొండింటికి. పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో ఆ టైముకు ఊళ్లో ఎవరుంటారు? ఆడవాళ్లు సద్ది కట్టుకుని పొద్దున్నే ఆటోలెక్కి కూలికి పోతారు. మిగిలేది ముసలివాళ్లు, పని లేని నలుగురు. తర్వాత రిజిస్టర్ ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకునే ఊళ్లూ ఉన్నాయి. అది గ్రామసభ కాదు. జనం చేన్ల నుంచి వచ్చి స్నానాలు చేసిన తర్వాత, దీపాలు పెట్టే వేళకు పెట్టండి. ముందురోజు డప్పు చాటింపు వేయించండి. వాట్సాప్ గ్రూపులో పెడితే సరిపోదు, చాలా ఇళ్లలో ఫోన్ కొడుకు చేతిలో ఉంటుంది.

సభలో అక్క లేచి "మా గల్లీకి నల్లా నీళ్లు వస్తలేవు" అంటుంది. "చూద్దాం" అంటారు, అక్కడితో అయిపోతుంది. అలా పోనివ్వకండి. ఏ గల్లీ, ఎన్ని ఇళ్లు, ఎన్నాళ్ల నుంచి, ఏ వాల్వ్ దగ్గర తేడా ఉంది? గల్లీ ఎత్తు మీద ఉందా, కింది ఇళ్లవాళ్లు నల్లాకు మోటార్లు పెడుతున్నారా? ముందే మీరు వెళ్లి చూసి రండి. ఆ వివరాలతో తీర్మానం రాయిస్తే మిషన్ భగీరథ ఇంజినీరు దగ్గర పని నడుస్తుంది. 'నీటి సమస్య ఉన్నది' అని ఒక్క లైను రాస్తే ఎవరూ కదలరు.

డబ్బుల్లేవన్న జవాబు వస్తుంది. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే పెట్టాలని నిబంధన. సీసీ రోడ్డు అందరికీ కనిపిస్తుంది, పైపులైన్ మట్టిలో ఉంటుంది, అందుకే మనసు రోడ్డు మీదికి పోతుంది. నా లెక్కలో నీళ్లే ముందు. నీళ్లకు, పారిశుద్ధ్యానికి ఊరివాళ్లే కమిటీలు వేసుకుని ఎలా నడిపారో గీసుగొండ మండలం గంగదేవిపల్లికి పోయి చూడండి, ఎంతో దూరం లేదు.

ఇక్కడున్న అక్కాచెల్లెళ్లతో ఒక మాట. సగం సీట్లు మీవి. అయినా మీ కుర్చీలో మీ ఆయన కూర్చుంటున్న ఊళ్లున్నాయి. అన్నలూ, మీ ఇంటి మెంబర్‌ను బండి మీద దింపండి, మీరు బయట ఉండండి. బాలింతకు అంగన్‌వాడీ గుడ్డు అందుతుందా లేదా అన్నది ఆమెకే తెలుసు.

తండాల సంగతి కూడా మరవొద్దు. 2018లో 500 జనాభా దాటిన తండాలు చాలావరకు పంచాయతీలయ్యాయి. చిన్న తండాలు ఇంకా పెద్ద ఊరి కిందే ఒక వార్డుగా ఉన్నాయి. అక్కడి మెంబర్ ఒక్కరే చెయ్యెత్తితే తీర్మానం గెలవదు, మీరూ ఎత్తాలి. ఏడాదిలో ఒక్క గ్రామసభైనా తండాలోనే పెట్టండి.

సమావేశం అయ్యాక కార్యదర్శి తీర్మానాల పుస్తకంలో రాసింది పైకి చదివించుకోండి. ఖాళీ పేజీ కింద సంతకం పెట్టొద్దు. ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తర్వాతి నెల మొదటి మాటగా ఆ పనులు ఎందాకా వచ్చాయో అడగండి. ఎంపీడీవో గారు ఇక్కడే ఉన్నారు. మీ మీ ఊళ్లలో వచ్చే గ్రామసభ సాయంత్రం పెట్టించమని లేచి ఇప్పుడే అడగండి, నేను కూర్చుంటాను.