ఎల్‌ఎఫ్‌పీ, టీపీకే, థాకో: ఈ పొట్టి అక్షరాల వెనక ఏం జరిగింది?

నమస్కారమండీ. ముందు ఒక ప్రకటన చదువుతాను. స్క్రీన్ మీద కూడా పెట్టాను, చూస్తూ వినండి.

"ఎల్‌ఎఫ్‌పీ, ఇద్దరు. 5ఈ, వీటీటీ, ఆర్‌ఏడబ్ల్యూ. పీవీపీ లేదు. సెషన్ 0 తప్పనిసరి. శనివారం రాత్రి 9, ఐఎస్‌టీ."

ఇది నమూనాగా నేను రాసిందే. కానీ టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేములు, అంటే బల్ల చుట్టూ కూర్చుని తలో పాత్ర వేసుకుని పాచికలతో కథగా ఆడే ఆటలు, ఆడేవాళ్ళు చేరే ఏ డిస్కార్డ్ సర్వర్‌కి, అంటే చాట్ గదికి, వెళ్ళినా ఇలాంటివి వరసగా కనిపిస్తాయి. మొదటిసారి ఇలాంటిది చదివినప్పుడు నాకు ఐఎస్‌టీ ఒక్కటే అర్థమైంది. ఇద్దరు మనుషులు తక్కువయ్యారు, రండి బాబూ అని పిలుస్తున్న ప్రకటన అది. నాకు మాత్రం మొహం మీద తలుపు వేసినట్టు అనిపించింది. ఆ రోజు విండో మూసేసినదాన్ని మళ్ళీ అటువైపు చూడటానికి ఏడాది పట్టింది. మీలో ఎవరికీ ఆ ఏడాది వృథా కాకూడదని ఈ వీడియో చేస్తున్నాను.

నిజానికి పొట్టి అక్షరాలు మనకేం కొత్త కాదు. "ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్ళొస్తా" అనే పెద్దాయనకి ఆ మూడక్షరాల ఇంగ్లీషు విప్పి చెప్పాల్సిన పనిలేదు. ఆ పదవి పేరు తహశీల్దారుగా మారి ఏళ్ళు గడిచినా ఊళ్ళో మాత్రం ఎమ్మార్వో గారే. అక్కడ ఏ పని జరుగుతుందో తెలుసు, అది చాలు. గేమర్ల అక్షరాలు కూడా అలాగే నేర్చుకోవాలి. ఎల్‌ఎఫ్‌పీ అంటే "లుకింగ్ ఫర్ ప్లేయర్స్" అని తెలిస్తే సగమే తెలిసినట్టు. ఏ గొడవ దగ్గర ఆ మాట పుట్టిందో తెలిస్తే ఇక మర్చిపోరు. అవునండీ, గొడవే. వీటిలో చాలా వాటి వెనక ఎవరో ఇద్దరు బల్లకి అటూ ఇటూ కూర్చుని వాదించుకున్న కథ ఉంది.

ముందు ప్రకటన విప్పేద్దాం. ఎల్‌ఎఫ్‌పీ, ఆటగాళ్ళు కావాలి. అదే ఎల్‌ఎఫ్‌జీ అయితే రాసినవాళ్ళే గ్రూపు వెతుక్కుంటున్నారని. 5ఈ అంటే ఇలాంటి ఆటల్లో మొదటిదైన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పొట్టిగా డీఅండ్‌డీ) ఐదో ఎడిషన్, 2014లో వచ్చింది. 2024లో సవరించిన పుస్తకాలు వచ్చాయి, వాటిని కొందరు 5.5 అంటారు. కాబట్టి చేరే ముందు "ఏ 5ఈ?" అని అడిగి తెలుసుకోండి. వీటీటీ అంటే వర్చువల్ టేబుల్‌టాప్, మ్యాపులూ పాచికలూ బ్రౌజర్‌లోనే ఉండే బల్ల. పీవీపీ లేదు అంటే మన పాత్రలు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకోవడం ఉండదు. సెషన్ 0 అంటే ఆట మొదలయ్యే ముందు కూర్చుని మాట్లాడుకునే రోజు: కథ ఎలా ఉండాలి, ఏ విషయాలు వద్దు, ఎవరు ఏ పాత్ర. ఈ ఒక్కటి చేసే గ్రూపు దొరికితే మిగతా ఏ అక్షరాలు తెలియకపోయినా ధైర్యంగా చేరిపోండి. ఆర్‌ఏడబ్ల్యూ పెద్ద కథ, కాసేపాగి చెప్తాను.

ఆట నడిపే మనిషిని డీఎమ్ అంటారు, డంజియన్ మాస్టర్. 1974లో అమెరికాలోని లేక్ జెనీవా నుంచి గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన ఈ ఆట మొదటిసారి అచ్చయినప్పుడు అందులో వాడిన మాట రిఫరీ. డంజియన్ మాస్టర్ తర్వాత వచ్చి నిలిచిపోయింది. అది ఈ ఆట అచ్చు వేసే కంపెనీ ట్రేడ్‌మార్కు కావడంతో మిగతా ఆటలు వాడుకోలేవు. అందుకే అందరికీ పనికొచ్చే మాటగా జీఎమ్ ఉంది. కాల్ ఆఫ్ కథూలూ అనే ఆటలో ఆ మనిషే కీపర్, వాంపైర్ అనే ఆటలో స్టోరీటెల్లర్. అయినా ఆడేవాళ్ళు అలవాటుకొద్దీ అందర్నీ డీఎమ్ అనేస్తారు. డిస్కార్డ్‌లో డీఎమ్ అంటే డైరెక్ట్ మెసేజ్ కూడా కదా, "డీఎమ్‌కి డీఎమ్ చెయ్యి" అనే వాక్యం అక్కడ రోజూ వినిపిస్తుంది.

ఇక హెచ్‌పీ, ఏసీ. హిట్ పాయింట్స్, ఆర్మర్ క్లాస్. వీడియో గేములు ఆడిన ప్రతి పిల్లాడికీ హెచ్‌పీ తెలుసు. కానీ అది ఎక్కడిదో చెప్తే చాలామంది నమ్మరు. ఓడలండీ! ఆర్నెసన్ తన బ్లాక్‌మూర్ ఆట నడుపుతున్న రోజుల్లో బొమ్మ సైనికులతో ఆడే అప్పటి యుద్ధ ఆటల నియమాలు వాడేవారు. వాటిలో ఒక్క దెబ్బ తగిలితే బొమ్మ బల్ల మీద నుంచి పోయినట్టే. వంద మంది సైనికుల్లో ఒకడు పోతే బాధ లేదు. కానీ నువ్వు పేరు పెట్టుకుని, కథ అల్లుకుని, వారం వారం పెంచుకున్న మనిషి ఒక్క పాచికకి పోతే? ఆటగాళ్ళు ఒప్పుకోలేదు. అప్పుడు ఆర్నెసన్, అమెరికా అంతర్యుద్ధం నాటి ఇనుప కవచం ఓడల కోసం తాను అంతకుముందు రాసుకున్న నియమాల నుంచి ఈ రెండూ తెచ్చారు. ఓడ ఎన్ని దెబ్బలకి మునుగుతుంది, దాని కవచం ఎంత మందం. ఓడ లెక్క మనిషికి వచ్చింది. ఈ రోజు ఫోన్‌లో ఎర్ర గీత తగ్గుతూ కనిపిస్తే, అది "మా వాణ్ణి అప్పుడే చంపకండి" అని ఎవరో బతిమాలితే పుట్టిన గీత అని గుర్తు చేసుకోండి. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

ఏసీ చెప్పాక థాకో చెప్పకుండా ఉండలేను. పాతవాళ్ళ మాటల్లో ఇది తరచూ వస్తుంది. చూడటానికి చివర ఇంగ్లీషు "ఓ" అక్షరంలా ఉంటుంది కానీ అది సున్నా. "టు హిట్ ఆర్మర్ క్లాస్ జీరో", అంటే ఏసీ సున్నా ఉన్న శత్రువుని కొట్టాలంటే పాచిక మీద నీకు ఎంత పడాలి అని. తమాషా ఏమిటంటే ఆ రోజుల్లో ఏసీ తగ్గేకొద్దీ కవచం గట్టిది. మొదటి పుస్తకాల్లో కవచం లేనివాడి ఏసీ 9, పూర్తి ఇనుప కవచం, డాలు ఉన్నవాడిది 2. తర్వాత సున్నా కిందకి కూడా పోయింది.

ఒక లెక్క చేద్దాం. నా థాకో 18. శత్రువు ఏసీ 4. పద్దెనిమిదిలోంచి నాలుగు తీస్తే 14. ఇరవై ముఖాల పాచిక మీద 14 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే దెబ్బ తగిలినట్టు. ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు శత్రువు ఏసీ మైనస్ 2 అనుకోండి. పద్దెనిమిదిలోంచి మైనస్ రెండు తీసెయ్యాలి. మైనస్, మైనస్ కలిస్తే ప్లస్, కాబట్టి 20. ఏడో తరగతి లెక్కే. కానీ రాత్రి పదకొండింటికి, డ్రాగన్ నోరు తెరిచినప్పుడు, బల్ల చుట్టూ ఐదుగురు అరుస్తున్నప్పుడు చెయ్యాలంటే తెలుస్తుంది. 1989 నాటి రెండో ఎడిషన్ అంతా ఈ లెక్క మీదే నడిచింది. 2000లో మూడో ఎడిషన్ మొత్తం తిరగేసింది: ఏసీ ఎంత ఎక్కువైతే అంత మంచిది, పాచికకి నీ బలం కలుపు, ఏసీని అందుకుంటే తగిలినట్టు. తీసివేత పోయి కూడిక వచ్చింది. థాకో అప్పుడే పోయింది. కానీ ఎవరైనా "నేను థాకో రోజుల నుంచి ఆడుతున్నా" అంటే వాళ్ళ వయసు మీకు తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆర్‌ఏడబ్ల్యూ. "రూల్స్ యాజ్ రిటన్", పుస్తకంలో అక్షరం ఎలా ఉంటే అలా. దానికి జోడీ ఆర్‌ఏఐ, "రూల్స్ యాజ్ ఇంటెండెడ్", రాసినవాళ్ళ ఉద్దేశం ఏదో అది. మన కోర్టుల్లో చట్టం మాట, చట్టం ఉద్దేశం అని వాదిస్తారే, అచ్చం అదే. నాకు తెలిసిన మంచి ఉదాహరణ అదృశ్యం. 2014 పుస్తకంలో అదృశ్యంగా ఉన్నవాడికి లాభం ఏమిటంటే వాడు కొట్టే దెబ్బలకి అడ్వాంటేజ్, అంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు. మరి నా మాంత్రికుడు అదృశ్యాన్ని చూడగలిగే మంత్రం వేశాడు, వాణ్ణి ఎదురుగా స్పష్టంగా చూస్తున్నాడు. ఇంకా వాడికి ఆ లాభం ఉంటుందా? ఎవర్నడిగినా ఉండదనే అంటారు. కానీ పుస్తకంలో "కనిపిస్తే పోతుంది" అన్న ముక్క లేదు! అక్షరం ప్రకారం చూస్తే, కళ్ళ ముందు కనిపిస్తున్నవాడు కూడా అదృశ్యుడే. దీని మీద ఏళ్ళ తరబడి జనం కొట్టుకున్నారు. చివరికి 2024 పుస్తకంలో ఆ ముక్క చేర్చారు: నిన్ను చూడగలిగేవాడి మీద నీకు ఆ లాభం లేదు. ఒక్క వాక్యం, పదేళ్ళ వాదన.

కాబట్టి ప్రకటనలో ఆర్‌ఏడబ్ల్యూ అని ఉంటే నేను ఒక ప్రశ్న అడుగుతాను: "పుస్తకం తప్పని మనందరికీ అనిపిస్తే ఏం చేస్తారు?" వాళ్ళ జవాబుని బట్టి ఆ బల్ల దగ్గర కూర్చోవాలో లేదో నాకు తెలుస్తుంది.

కొన్ని గబగబా చెప్పేస్తాను. పీసీ ఆటగాడి పాత్ర, ఎన్‌పీసీ డీఎమ్ నడిపే మిగతా లోకమంతా. బీబీఈజీ అంటే కథ చివర ఎదురయ్యే పెద్ద విలన్. డీసీ అంటే ఒక పని చెయ్యడానికి పాచిక మీద అందుకోవాల్సిన అంకె. టీపీకే అంటే "టోటల్ పార్టీ కిల్", మన గుంపంతా ఒకే పోరులో పోవడం. ఈ మాట నవ్వుతూ వాడతారు గానీ, రెండేళ్ళు నడిచిన కథ అలా ముగిసిన బల్ల దగ్గర నేను కూర్చున్నాను. ఆ రాత్రి పాచికలు ఎవరూ సర్దలేదు.

ఇవన్నీ ఒక్క డీఅండ్‌డీ చుట్టూ తిరిగేవే. దాని నుంచి విడిపోయినవాళ్ళకీ అక్షరాలున్నాయి. ఓఎస్‌ఆర్ అంటే పాత పద్ధతి ఆటని మళ్ళీ బతికించాలనే వాళ్ళు: నియమాలు తక్కువ, ప్రమాదం ఎక్కువ, ఆటగాడి తెలివే ఆయుధం. పీబీటీఏ అంటే 2010 నాటి అపోకలిప్స్ వరల్డ్ పద్ధతిలో అల్లిన ఆటలు. రెండు మామూలు పాచికలు చాలు. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే పని అవుతుంది, 6 గానీ అంతకన్నా తక్కువ గానీ పడితే కష్టం, 7 నుంచి 9 మధ్య పడితే పని అవుతుంది కానీ ఏదో ఒకటి పోగొట్టుకుంటావు. ఆ మధ్య అంకెల్లోనే కథంతా ఉంటుంది. కొత్తవాళ్ళకి నేను ముందు ఇదే ఆడమంటాను.

ఓజీఎల్ గురించి ఒక్క మాట. 2000లో డీఅండ్‌డీ అచ్చు వేసే కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్, తన నియమాల్ని వేరేవాళ్ళూ వాడుకోవచ్చంటూ ఇచ్చిన ఓపెన్ గేమ్ లైసెన్స్ అది. దాని ధైర్యంతో ఎంతోమంది చిన్న ప్రచురణకర్తలు సొంత పుస్తకాలు వేసుకున్నారు. 2023 జనవరిలో దాన్ని మార్చే ముసాయిదా బయటికి పొక్కింది: పాత లైసెన్స్ ఇక చెల్లదని, ఏడాదికి 7,50,000 డాలర్లు దాటిన రాబడిలో వాటా కట్టాలని. అభిమానులు భగ్గుమన్నారు. అదే నెల 27న కంపెనీ వెనక్కి తగ్గి, ప్రాథమిక నియమాల్ని క్రియేటివ్ కామన్స్ కింద వదిలేసింది. తెలుగులో ఎవరైనా ఆ నియమాల్ని అనువదించి పుస్తకం వెయ్యాలనుకుంటే ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు, మూలం పేరు చెబితే చాలు. ఎవరైనా చేస్తారని నేను ఎదురు చూస్తున్నాను.

చివరగా ఐసీ, ఓఓసీ. పాత్రలో ఉండి మాట్లాడితే ఐసీ, పాత్ర బయట మాట్లాడితే ఓఓసీ. మేం ఎదురుగా కూర్చుని తెలుగులో ఆడేటప్పుడు ఈ రెండింటి అవసరమే రాదు. మా వాడు రాజు ముందు చేతులు కట్టుకుని "మహాప్రభూ, ఈ దీనుడి విన్నపం ఒక్కటి ఆలకించండి" అంటాడు, ఆ వెంటనే నా వైపు తిరిగి "ఒసేయ్, ఇప్పుడు పాచిక వెయ్యాలా?" అంటాడు. ఏది నాటకమో ఏది మామూలు మాటో మా చెవికి చెప్పక్కర్లేదు.

చాట్‌లో రాస్తూ ఆడే పీబీపీలో అలా కుదరదు. పీబీపీ అంటే ప్లే బై పోస్ట్, రోజుకి రెండు మూడు మెసేజులుగా సాగే ఆట. అందులో ఒకసారి నా దొంగ పాత్ర మా గుంపు నాయకుడితో "నువ్వెవరు నాకు చెప్పడానికి?" అంది. నేను రాసింది ఆ దొంగ అన్న మాట, నా మాట కాదు. ఆ నాయకుణ్ణి ఆడుతున్నది నాకన్నా పదేళ్ళు పెద్దాయన, నేను రోజూ "మీరు" అని పిలిచే మనిషి. రెండు రోజులు ఆయన ఏమీ రాయలేదు. మూడో రోజు నేనే ఫోన్ చేశాను. "పాత్రే అన్నదనుకున్నానమ్మా, కానీ ఆ 'నువ్వు' చూసి కాస్త ఆగిపోయాను" అన్నారు.

అప్పటి నుంచి మా చాట్‌లో పాత్ర ఎవరినైనా "నువ్వు" అంటే, కింద రెండు బ్రాకెట్ల మధ్య ఓఓసీ అని పెట్టి, "అన్నయ్యా, ఇది దొంగ మాటండీ" అని రాస్తున్నాను. ఆయన కింద ఒక పాచిక బొమ్మ పెడతారు. ఆట సాగుతుంది.